మలుపు దగ్గర హారన్

కొత్తగా బస్సు స్టీరింగు పట్టుకున్న తమ్ముళ్ళకి క్లచ్చు గురించీ బ్రేకు గురించీ చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను హారన్ గురించి చెబుతాను. నాకున్న అర్హత ఏమిటంటే, సర్వీసు మొత్తంలో నాకొచ్చిన ఒకే ఒక్క మెమో హారన్ గురించే. అది ఎందుకు కొట్టేవాడినో ఆ రోజు మా మేనేజరు గారికి చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకైనా సరిగ్గా చెప్పగలనని నమ్మకం లేదు. మొదలుపెట్టాను కాబట్టి వినండి.

నేను ఎక్కువకాలం తోలింది నూజివీడు నుంచి ఆగిరిపల్లి వైపు వెళ్ళే తొలి బస్సు. ఊరు దాటితే రోడ్డుకి రెండు వైపులా మామిడి తోటలే. పూత రోజుల్లో ఆ వాసనకి ప్యాసింజర్లు ఎక్కగానే నిద్రపోయేవారు. కోతల రోజుల్లో కాయలు కోసే చిక్కం కర్రలు, ప్లాస్టిక్ ట్రేలు, ఎండుగడ్డి మోపులు అన్నీ బస్సెక్కాలని చూసేవి. మా కండక్టరమ్మ ఎక్కనిచ్చేది కాదు. ఆవిడ నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. గడ్డి మోపు వద్దని అరుస్తూనే దాన్ని వెనక సీటు కిందికి తోసేది.

ఆ దారిలో ఒక క్రైస్తవుల పేట ఉంది. పేట రాకముందు తోటల మధ్య రోడ్డు మెలి తిరుగుతుంది. ఆ మలుపు దాటి కాస్త దూరం వెళితే చర్చి, చర్చి ఎదురుగా మా స్టేజీ. నేను ఆ రూటుకి కొత్తగా వచ్చినప్పుడు సీనియర్ డ్రైవరు ఒకాయన పక్కన కూర్చుని దారి చూపించారు. ఇక్కడ గుంట ఉంది, ఇక్కడ గేదెలు అడ్డొస్తాయి, ఈ కల్వర్టు నమ్మకు, ఇలా. మలుపు దగ్గరికి రాగానే, "ఇక్కడ ఒక హారన్ కొట్టరా. పొడుగ్గా" అన్నారు. ఎదురుగా పురుగు కూడా లేదు. ఎందుకని అడిగేలోపు ఆయన తర్వాతి గుంట దగ్గరికి వెళ్ళిపోయారు.

కొట్టాను. మర్నాడూ కొట్టాను. తర్వాత అది నాకు చెప్పులు వేసుకోవడం లాంటి పని అయిపోయింది. నా సెలవు రోజున వచ్చే డ్రైవరు కూడా అక్కడ కొట్టేవాడట. ఎందుకో నేను అతన్ని అడగలేదు, అతనూ నన్ను అడగలేదు.

మలుపు దాటి స్టేజీలో బస్సు ఆపేసరికి చర్చి గంట మోగేది. ఆ గంట వింటే నాకు ప్రాణం కుదుటపడేది. టైముకి వచ్చామన్నమాట. ఈ విషయంలో మా కండక్టరమ్మతో రోజూ గొడవే.

"అన్నయ్యగారూ, ఇవాళ పావుగంట లేటు" అనేది టికెట్ మిషన్ చూసి.

"గంట ఇప్పుడేగా మోగింది. నీ మిషన్ రిపేరుకివ్వు" అనేవాణ్ణి.

"నా ఫోనులోనూ లేటే చూపిస్తోంది."

"ఫోను కూడా ఇవ్వు. చర్చి గంట అబద్ధం ఆడుతుందేంటమ్మా?"

ఎంత లేటుగా బయల్దేరినా ఆ స్టేజీకి మాత్రం టైముకే చేరుతున్నానని నాకు లోపల గర్వంగా కూడా ఉండేది. దీని మీద మీరు నవ్వుకోవడానికి ఇంకా కాస్త టైముంది. ఆగండి.

ఇక రిటైర్మెంటుకి ఏడాది కూడా లేదనగా, ఆ మలుపులో తోట కొనుక్కుని ఒక పెద్దాయన ఇల్లు కట్టారు. పట్నంలో ఉద్యోగం చేసి అలసిపోయి, ప్రశాంతత కోసం వచ్చిన మనిషి. తెల్లారకుండానే ఆయన కిటికీ కింద నా హారన్. పాపం, ఆయన మాత్రం ఎన్నాళ్ళు ఓర్చుకుంటారు? కంప్లయింట్ పెట్టారు.

మా డిపో మేనేజరు గారు కుర్రవాడే గాని మర్యాద తెలిసినవాడు. నన్ను కూర్చోబెట్టి అడిగారు.

"ఆ మలుపులో ఏముందండీ?"

"ఏమీ లేదండి."

"మరి హారన్ ఎందుకు?"

"కొట్టమన్నారండి."

"ఎవరు?"

"సీనియర్ డ్రైవరు గారండి. రిటైరైపోయారు."

"ఎందుకు కొట్టమన్నారు?"

"నేనడగలేదండి."

ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదా?"

నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఆ ప్రశ్న అంత న్యాయంగా ఉన్నందుకు. అక్కడ హారన్ కొట్టడానికి వీల్లేదని నాకూ, నా సెలవు రోజు డ్రైవరుకీ మెమో ఇచ్చారు. ఇన్నాళ్ళూ ఎందుకు కొట్టానో సంజాయిషీ రాసిమ్మన్నారు. మచ్చ లేకుండా దిగిపోదామనుకున్న సర్వీసుకి చివర్లో ఇదొకటి తగులుకుంది.

మర్నాడు మలుపులో చెయ్యి హారన్ మీదికి దానంతటదే వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. స్టేజీలో బస్సు ఆపాను. గంట మోగలేదు.

"ముందే వచ్చేశామే. కాసేపు ఆగుదాం" అన్నాను.

"ముందా? పావుగంట లేటు బాబూ!" కండక్టరమ్మ తల కొట్టుకుంది.

ఆ స్టేజీలో రోజూ కాయల ప్యాకింగుకి వెళ్ళే ఆడవాళ్ళు బిలబిలమంటూ ఎక్కేవారు. ఆ రోజు ఇద్దరే ఉన్నారు. మిగతావాళ్ళు జడలు వేసుకుంటూ, క్యారేజీలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి బస్సు కదిలింది. నేను ఆపాను. తర్వాతి రోజూ అంతే. ఒకరోజు మేం వెళ్ళిపోయాక గంట మోగిందట. మరో రోజు ఇంకా కోడి కూడా కూయకముందే మోగి, చంటిపిల్లలతో సహా పేటంతా లేచి కూర్చుందట. నాకు దారిలో ఏదో మైలురాయి పీకేసినట్టయింది. టైముకి ఉన్నానో లేనో తెలియక ఒకరోజు దూకుడుగా, ఒకరోజు నత్తలా తోలాను.

"ఏమైందమ్మా మీ గంటకి?" అని ప్యాకింగుకి వెళ్ళే ఒకావిడని అడిగాను.

"గంటకేం కాలేదండీ, మా గంట మామ్మకే ఏదో అయింది. చూపు ఎప్పుడో తగ్గింది, ఇప్పుడు మతి కూడా తప్పుతోంది. నిన్న పాలవ్యాను హారన్ వేస్తే గంట కొట్టేసింది. చర్చి పెద్దలు మైకు సెట్టు తెచ్చారు. టైము పెడితే గంట శబ్దం అదే వచ్చేస్తుందంట. ఆదివారం నుంచి అదే. మామ్మ దగ్గర తాడు తీసేసుకుంటారు."

పాలవ్యాను హారన్ అన్న మాట నా మనసులో ఇరుక్కుంది. ఆవిడకి అది మతితప్పిన పనిగా కనిపించింది. నాకెందుకో అలా అనిపించలేదు. అర్థమైందని కూడా చెప్పలేను.

సెలవు రోజున ఆ పేటకి బండి మీద వెళ్ళాను. చర్చి ఆవరణలో మామ్మ ఊడుస్తోంది. ఎండుటాకుని చీపురుతో కాకుండా చెవులతో వెతుకుతున్నట్టుంది. ఆకు గలగలమన్న చోటికి చీపురు వెళ్ళేది. అరుగు పక్కనే గంట తాడు వేలాడుతోంది.

"మామ్మగారూ, బస్సు డ్రైవర్నండి."

చీపురు ఆగింది. "ఏ బస్సు బాబుగారూ?"

"పొద్దున్నే వచ్చే తొలి బస్సండి."

"అదిప్పుడు రావట్లేదు కదండీ?"

"రోజూ వస్తోందమ్మా. నేనే తోలుతున్నాను."

ఆవిడ ముఖం నా వైపు తిప్పింది. చూపు మాత్రం నా భుజం దాటి ఎటో ఉంది. "మరి పిలవట్లేదేం?"

అరుగు మీద కూర్చున్నాను. ఆవిడే మెల్లగా చెప్పింది. ముందు వాళ్ళ అత్తగారు ఈ గంట కొట్టేవారట. ఆవిడ పోతూ పోతూ, మలుపులో బస్సు పిలుస్తుంది, అప్పుడు తాడు లాగు, ప్రార్థనకి లేచేవాళ్ళు లేస్తారు, పనికెళ్ళేవాళ్ళు వెళతారు అని చెప్పారట. అంతే. అప్పట్నుంచి ఈవిడ చీకట్లోనే లేచి, వచ్చి, ఈ అరుగు మీద కూర్చుని నా హారన్ కోసం చెవి పెట్టేది. గడియారం చూసే కళ్ళు పోయాక మరీనూ. మనవడు కొనిచ్చిన మాట్లాడే గడియారం ఉందట గాని, దాని గొంతు ఆవిడకి నచ్చలేదట.

"వారం నుంచి ఎవరూ పిలవట్లేదండీ. ఏ మోత వినబడినా మీరేనేమో అనుకున్నాను. ఒకసారి లారీకి కొట్టాను. ఒకసారి పాలబండికి. పెద్దలు తిట్టారు. తిట్టరూ మరి?"

"అయ్యో మామ్మా, మీరు నా హారన్ విని గంట కొడుతున్నారని నాకు తెలియదు. నేను మీ గంట విని టైముకి వచ్చాననుకునేవాణ్ణి."

ఆవిడ కాసేపు లెక్క కుదరనట్టు ఆలోచించింది. తర్వాత పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. "అయితే టైము ఎవరి దగ్గరుందండీ?"

నాకూ నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. ఇన్నేళ్ళు ఒక పేట మొత్తం లేచింది, ప్రార్థన చేసుకుంది, పనికి వెళ్ళింది. దేన్ని నమ్ముకుని? ఎందుకు కొడుతున్నాడో తెలియని డ్రైవరు హారన్‌ని. ఆ డ్రైవరేమో ఆవిడ గంటని నమ్ముకుని కండక్టరు మిషన్‌ని తిట్టాడు.

"హారన్ వినగానే తాడు లాగేస్తాననుకోకండి. ముందు మీ కోసం ప్రార్థన చేస్తాను. ప్రభువా, పిలిచే ఆ బాబుకి ఏ ఆపదా రానీకు, ఎక్కినవాళ్ళని క్షేమంగా దించు అని. ఆ తర్వాతే గంట."

మలుపు నుంచి స్టేజీ దాకా నేను బస్సు తోలే ఆ కాసేపూ గంట ఎందుకు ఆగేదో అప్పుడు తెలిసింది. నేను తల దించుకున్నాను. మా ఇంట్లో పూజ చేసేది మా ఆవిడ. నేను స్టీరింగుకి మొక్కే రకం. నా కోసం ఎవరో చర్చి అరుగు మీద కూర్చుని రోజూ అడుగుతున్నారంటే, ఎలా తీసుకోవాలో తెలియలేదు.

"నా పేరు కూడా మీకు తెలియదు కదండీ?"

"నాకు తెలియకపోతే ఏమండీ, ఆయనకి తెలుసుగా."

"మామ్మా, నిజం చెప్పాలి. నేను మీ కోసం కొట్టలేదు."

"మరెవరి కోసం కొట్టారు?"

మేనేజరు గారు అడిగిన ప్రశ్నే. ఆయన అడిగినప్పుడు కోపం వచ్చింది, ఈవిడ అడిగితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆదివారం తాడు పోతుందన్న మాట ఆవిడే ఎత్తింది. "పోతే పోయిందిలెండి. చేసినన్నాళ్ళు చేశాను. ఆ తాడు పట్టుకోకపోతే పొద్దున్నే లేచి ఏం చేయాలో, అదే తెలియట్లేదు" అంది. ఆ గొంతు నన్ను నాలుగు రోజులు వదల్లేదు.

ఆ సాయంత్రమే హనుమాన్ జంక్షన్‌కి వెళ్ళాను. మా సీనియర్ గారు అక్కడ కొడుకు టైర్ల షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. లారీల మోతలో గట్టిగా అరిచి విషయం మొత్తం చెప్పాను. ఆయన బుర్ర బాగానే పనిచేస్తోంది. గేదెలు అడ్డొచ్చే చోటు చెప్పారు. కల్వర్టు చెప్పారు. హారన్ దగ్గరికి వచ్చేసరికి నా ముఖంలోకి వింతగా చూశారు.

"నేను చెప్పానా?"

"మీరే చెప్పారు గురువుగారూ. పొడుగ్గా కొట్టమన్నారు."

"ఆ మలుపులోనా? అక్కడేముందిరా?"

"అదే కదండీ నేనడుగుతోంది!"

ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆ తోటలో కాపలా ఉండే ఒకాయన కోసమేమో అన్నారు. కాదు, ఎద్దు ఒకటి రోడ్డు మీద పడుకునేదేమో అన్నారు. తనకీ ఎవరో డ్రైవరు చెప్పి ఉంటారేమో అన్నారు. చివరికి, "ఏమోరా, నాకైతే గుర్తులేదు. అసలు నేను కొట్టేవాణ్ణా అని కూడా అనుమానంగా ఉంది" అని టీ తెప్పించారు. ఈ పుణ్యం ఎవరికి చెందాలో తేలుద్దామని వెళ్ళి, ఉన్న ఒక్క సాక్షినీ పోగొట్టుకుని వచ్చాను.

శనివారం సంజాయిషీ పట్టుకుని మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాను. ఉన్నదున్నట్టు రాశాను. ఆయన రెండుసార్లు చదివారు.

"దీన్ని నేను పైకి ఎలా పంపేదండీ? చర్చి గంట బస్సును బట్టి, బస్సు చర్చి గంటను బట్టి అని రాశారు."

"జరిగింది అదేనండి."

"సీనియర్ గారు ఏమన్నారు?"

"తను చెప్పినట్టు గుర్తులేదన్నారండి."

ఆయన కాగితం మడిచి డ్రాయరులో పెట్టారు. కిటికీ వైపు చూస్తూ, "రేపు డ్యూటీ మీదేనా?" అన్నారు.

"నాదేనండి."

"సరే, వెళ్ళిరండి."

కొట్టమన్నారా, వద్దన్నారా? గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి చూశాను. ఆయన అప్పటికే ఫోనులో ఉన్నారు. ఇప్పటికీ నాకు ఆ మాటకి అర్థం తెలియదు.

ఆదివారం మలుపు వచ్చింది. తోట ఇంటి కిటికీ మూసి ఉంది. నా మీద ఛార్జిషీటు రాస్తే రాస్తారు, అరుగు మీద ఒక ముసలావిడ చెవి పెట్టుకుని కూర్చుని ఉంది అనుకున్నాను. పొడుగ్గా, ఎప్పటికన్నా పొడుగ్గా కొట్టాను.

స్టేజీలో బస్సు ఆపాను. చర్చి మెట్ల మీద పాస్టరు గారు, ఇద్దరు పెద్దలు నిలబడి ఉన్నారు. మైకు సెట్టు ఎర్రలైటు వెలుగుతోంది, ఇంకా దాన్ని మోగించలేదు. గంట మోగలేదు. ఆడవాళ్ళు ఎక్కారు. గంట మోగలేదు. వినబడలేదా? వారం రోజులు మోసపోయిన చెవి ఈసారి నమ్మలేదా? ఇది కూడా పాలవ్యానే అనుకుందా?

కండక్టరమ్మకి నేను ముందే అంతా చెప్పాను. ఆవిడ నా భుజం మీద తట్టింది. "కంగారు పడకండి అన్నయ్యగారూ. వారం రోజుల బాకీ ప్రార్థన ఉంది కదా, ఇవాళ కాస్త ఎక్కువసేపు పడుతుంది."

ఆ మాట పూర్తవుతుండగానే గంట మోగింది.

నేను సీటులోనే కూర్చుని చెంపలు వేసుకున్నాను. కండక్టరమ్మ ఊరుకోలేదు. దిగి వెళ్ళి, మెట్ల మీదున్న వాళ్ళకి తన పెద్ద నోటితో విషయమంతా చెప్పింది. బస్సులో ఉన్న అందరికీ కూడా వినబడింది.

"అంటే ఇన్నేళ్ళూ మన గంట బస్సును బట్టి కొట్టారా?" అన్నారు ఒక పెద్ద, మోసపోయినట్టు ముఖం పెట్టి.

"మీకే అన్యాయం జరిగిందనుకోకండి. మా బస్సు మీ గంటను బట్టి నడిచింది" అంది ఆవిడ.

పాస్టరు గారు నవ్వు ఆపుకోలేక చేతిలో ఉన్న బైబిలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత నవ్వు తగ్గి, అరుగు వైపు చూశారు. మామ్మ ఇంకా తాడు వదల్లేదు, రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. "ఆవిడ ఒక్కరోజూ మానలేదండీ. పిలుపు ఆగిపోతే ఆవిడేం చేస్తుంది?" అని మైకు సెట్టు స్విచ్చి తనే తీసేశారు. "దీన్ని పాటలకి వాడుకుందాం."

ఆ ఫైలు ఏమైందో నాకు తెలియదు. ఎవరూ అడగలేదు. తోట పెద్దాయన ఆ తర్వాత ఒకరోజు మా బస్సెక్కి, "గంట చాలా బాగుంటుందండీ, హారన్ లేకుండా అదొక్కటే కొట్టించలేరా?" అని అడిగారు. కండక్టరమ్మ ఆయనకి మొదటినుంచీ మళ్ళీ చెప్పింది. ఆయన అయోమయంగా తలూపి, ఇక కంప్లయింట్ పెట్టలేదు.

నేను రిటైరైన రోజున ప్రమాదం చేయని డ్రైవరని దండ వేశారు. అంతకుముందైతే నా చెయ్యి మంచిదని మీసం తిప్పేవాణ్ణే. ఆ రోజు మాత్రం దండ బరువుగా అనిపించింది. నేను చేసిన పని పనే కాదు, అలవాటు. చెప్పినాయనకి గుర్తులేదు, చేసినవాడికి అర్థం తెలియదు. అయినా ఎవరో దాన్ని రోజూ దేవుడి దగ్గర పెడుతూ వచ్చారు. ఇలాంటి చిన్నవి ఆయన గుర్తుపెట్టుకుంటాడని మామ్మ నమ్మకం. నాకు నమ్మకం కన్నా సందేహమే ఎక్కువ. ఎంత పెద్ద లోకం, ఎన్ని హారన్లు! ఈ మాట మామ్మతో ఒకసారి అన్నాను కూడా. "మనం మర్చిపోతాం కాబట్టే కదండీ, గుర్తుపెట్టుకునే పని ఆయన తీసుకున్నాడు" అంది.

మామ్మ ఇప్పుడు లేదు. ఆవిడ కోడలు తాడు పట్టుకుందని విన్నాను. మొన్న ఆగిరిపల్లిలో పెళ్ళి ఉంటే తొలి బస్సెక్కి, డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాను. కుర్ర డ్రైవరు, నా చివరి రోజుల్లో రూటు నేర్చుకోవడానికి నా పక్కన కూర్చున్నవాడే. కబుర్లు చెబుతూనే మలుపులో పొడుగ్గా హారన్ కొట్టాడు.

నేను ముందుకి వంగాను. "ఇక్కడెందుకు కొట్టావు? ఎవరు చెప్పారు నీకు?"

అతను అద్దంలోంచి నన్ను వింతగా చూశాడు. "అదేంటి బాబాయ్, మీరే కదా చెప్పారు!"

"నేను చెప్పానా?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక, టైర్ల షాపు ముందు కుర్చీ గుర్తొచ్చింది. ఎంత ఆలోచించినా చెప్పినట్టు గుర్తులేదు. ఎందుకు కొట్టాలో అతనికి చెప్పానా లేదా, అదీ గుర్తులేదు. అడుగుదామనుకునేలోపు బస్సు స్టేజీలో ఆగింది. గంట మోగింది. టైమెంతైందో చూద్దామని ఫోను బయటికి తీసి, చూడకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.